ఈడొచ్చిన పిల్ల, చేతికి రాని కొడుకు

చంద్రపూర్ నుంచి తాడోబా అడవికి పోయే రోడ్డు మీద, దుర్గాపూర్‌ను ఆనుకుని ఊర్జానగర్ వస్తుంది. ఊర్జ అంటే శక్తి. ఇక్కడ అది బొగ్గు మండితే పుట్టే శక్తి. మహారాష్ట్ర ప్రభుత్వ సంస్థ మహాజెన్‌కో నడిపే సూపర్ థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం కట్టిన కాలనీ ఇది. 1980ల తొలినాళ్లలో మొదటి యూనిట్ వెలిగింది. ఇప్పుడు కేంద్రం మొత్తం సామర్థ్యం 2,920 మెగావాట్లు. ఒక వైపు బొగ్గు గని, ఒక వైపు ఇరాయి జలాశయం, ఇంకో వైపు పులులు తిరిగే అడవి. నడుమ క్వార్టర్లు, బడి, మైదానం, చాయ్ టపరీలు. ఉద్యోగం షిఫ్టుల లెక్కన నడుస్తుంది, ఇల్లు ఉద్యోగం లెక్కన నడుస్తుంది. తండ్రి రిటైరైన రోజున క్వార్టర్ తాళం చెవి కూడా వాపసు వెళ్తుంది.

తెలుగువాళ్లకు ఇది పరాయి నేల కాదు. బల్లార్షా మీదుగా కాజీపేట వెళ్లే రైలు మార్గం, బల్లార్‌పూర్ కాగితం మిల్లు, చుట్టూ ఉన్న బొగ్గు గనులు ఎన్నో తెలుగు కుటుంబాలను ఇటు రప్పించాయి. పక్కనున్న రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లా కిందే ఉండేది. చైత్రంలో చంద్రపూర్ మహాకాళి జాతరకు తెలంగాణ నుంచి భక్తులు ఇప్పటికీ వస్తారు.

అలాంటి ఒక తెలుగు ఇల్లు ఊహించుకుందాం. కూతురికి పంతొమ్మిదేళ్లు, కొడుక్కి ఇరవై ఆరు. ‘పిల్ల పెద్దదైపోయింది, సంబంధాలు చూస్తున్నాం’ అంటుంది తల్లి. కొడుకు సంగతి అడిగితే ‘వాడింకా చిన్నోడే, పరీక్షలు రాస్తున్నాడు’ అంటుంది. ఏడేళ్లు ముందు పుట్టినవాడు చిన్నోడు, ఏడేళ్లు వెనక పుట్టింది పెద్దది. లెక్క ఎక్కడో తేడా కొట్టిందని ఆ తల్లికీ తోచదు, ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతున్న చుట్టాలకూ తోచదు.

తెలుగు కూడా ఆ తల్లి పక్షమే. మన భాషలో కొడుకు ‘చేతికి అందివస్తాడు’, ఎదిగిన ఆడపిల్ల ‘గుండెల మీద కుంపటి’ అవుతుంది. ఈడు రావడం పిల్లకు, చేతికి రావడం పిల్లాడికి. ఒకటి ఒంటితో వచ్చేది, రెండోది జీతంతో వచ్చేది. ఒళ్లు పన్నెండేళ్లకే ఎదుగుతుంది. జీతం ముప్పై ఏళ్లకైనా వస్తుందన్న హామీ లేదు.

మనిషి పెద్దవాడయ్యేది ఎప్పుడు అన్న ప్రశ్న పట్టుకుని దశాబ్దాలు పనిచేసిన అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఫ్రాంక్ ఫర్‌స్టెన్‌బర్గ్. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేశారు. 1960ల చివర్లో బాల్టిమోర్ నగరంలో, పెద్దరికం రాకముందే తల్లులైన అమ్మాయిలు దాదాపు నాలుగు వందల మందితో ఆయన అధ్యయనం మొదలైంది. ఒకసారి ప్రశ్నలడిగి వదిలేయలేదు. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వెళ్లి కలిశారు. పదిహేడేళ్ల తర్వాత ఏమైందో 1987లో పుస్తకంగా వచ్చింది. వాళ్ల బతుకు అక్కడితో సరి అని పెదవి విరిచినవాళ్ల జోస్యం సగానికి పైగా తప్పింది. చాలామంది ఆలస్యంగానైనా చదువు పూర్తి చేశారు, పనుల్లో కుదురుకున్నారు.

తర్వాత ఆయనా సహ పరిశోధకులూ ఇంకో లెక్క తీశారు. పెద్దరికానికి అమెరికా సమాజం పెట్టుకున్న గుర్తులు ఐదు: పుట్టిల్లు విడవడం, చదువు ముగించడం, సొంత సంపాదన, పెళ్లి, బిడ్డ. ముప్పై ఏళ్లు వచ్చేసరికి ఈ ఐదూ దాటినవాళ్లు 1960లో ఆడవాళ్లలో 77 శాతం, మగవాళ్లలో 65 శాతం. 2000 నాటికి అవి 46కు, 31కి పడిపోయాయి. యువత బద్ధకించిందని కాదు ఆయన తీర్పు. చదువు సాగింది, స్థిరమైన కొలువు దూరం జరిగింది, ఆ ఎడం ఖర్చు కుటుంబాల నెత్తిన పడింది.

ఆ పట్టికను ఊర్జానగర్‌కు తెచ్చి ఆనిస్తే మొదటి గుర్తు దగ్గరే తిరగబడుతుంది. అక్కడ ఇల్లు వదిలితే పెద్దవాడు. ఇక్కడ ‘ఒక ఇంటివాడు’ అయితే పెద్దవాడు. తెలుగులో పెళ్లికి ఇంకో పేరే ఇల్లు. అబ్బాయి ఉన్న ఇంట్లోనే ఉండి ఇంటివాడవుతాడు, అమ్మాయి ఉన్న ఇల్లు వదిలి ‘ఓ ఇంటిదవుతుంది’. అమెరికన్ పట్టికలోని మొదటి గుర్తు మన దగ్గర వర్తించేది ఒక్క ఆడపిల్లకే, అది కూడా ఆమె అడక్కుండానే.

ఇదంతా సామెతల ఆధారంతో అల్లిన వాదం అనుకోనక్కర్లేదు. బాల్టిమోర్‌లో జరిగినటువంటి పని తెలుగు నేల మీదా జరిగింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోని యంగ్ లైవ్స్ అధ్యయనం 2002లో ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకుంది. 1994-95లో పుట్టిన సుమారు వెయ్యి మంది, 2001-02లో పుట్టిన సుమారు రెండు వేల మంది పిల్లల్ని పట్టుకుంది. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కడప, అనంతపురం, మహబూబ్‌నగర్, కరీంనగర్, హైదరాబాద్‌లలో ఇరవై చోట్ల వాళ్ల ఇళ్లకు కొన్నేళ్లకోసారి వెళ్తూనే ఉంది. మధ్యలో రాష్ట్రం రెండైంది, కరోనా వచ్చింది. కరోనా ఏడాది ఇళ్లకు వెళ్లే వీల్లేక ఫోన్లు చేశారు. తెలుగు పిల్లలు ఎలా పెరిగారో ఇంత కాలం, ఇంత ఓపికగా రాసిపెట్టిన చిట్టా మరొకటి కనపడదు. దాన్ని మన పత్రికలు, మన శాసనసభలు పట్టించుకున్నది మాత్రం తక్కువ.

2013లో వెళ్లేసరికి పెద్ద బృందం పిల్లలకు పంతొమ్మిదేళ్లు. అమ్మాయిల్లో మూడో వంతుకు పైగా అప్పటికే పెళ్లిళ్లు అయిపోయాయి. పెళ్లయినవాళ్లలో దాదాపు అరవై శాతం తల్లులయ్యారు. అదే వయసు అబ్బాయిల్లో పెళ్లయినవాళ్లు నూటికి ఇద్దరు. ఒకే ఊరు, ఒకే ఏడాది పుట్టుక, తరచుగా ఒకే బడి. పంతొమ్మిదో ఏట ఒకరు చంకన బిడ్డతో, ఒకరు బ్యాక్‌లాగ్ సబ్జెక్టులతో.

ఇది పాత సంగతి, ఇప్పుడు మారిపోయిందనేవాళ్లున్నారు. మారింది, కాదనలేం. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5, మహారాష్ట్రలో 21.9. దేశ సగటు 23.3. అమెరికాకు ఇంజినీర్లను పంపడంలో ముందున్న రాష్ట్రం ఈ లెక్కలో దేశ సగటు కంటే ఆరు మెట్లు వెనకబడి ఉంది.

యంగ్ లైవ్స్‌లో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త వర్జీనియా మోరో, ఆంధ్రప్రదేశ్ పిల్లల చదువు, ఆశల గురించి 2013లో ఒక వ్యాసం రాశారు. క్షేత్రస్థాయి పనిలో తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఆచార్యులు ఉమా వెన్నం బృందం పాలుపంచుకుంది. పొలం పని నుంచి పిల్లల్ని తప్పించాలని, నీడపట్టున కూర్చుని చేసే ఉద్యోగం చూపించాలని తల్లిదండ్రులు ఎంత గట్టిగా అనుకుంటారో ఆ పరిశోధనలో కనిపిస్తుంది. పిల్లలూ అదే కోరుకుంటారు. అయితే ఎదిగి ఎవరి దారి వాళ్లు చూసుకోవాలన్నది వాళ్ల ఊహలో లేదు. పెద్దవాళ్లవడమంటే అమ్మానాన్నలకు అండగా నిలవడం, తమ్ముడిని చదివించడం, అక్క పెళ్లికి సాయపడటం. పాశ్చాత్య పాఠ్యపుస్తకాలు దీన్ని ఎదగకపోవడం కింద జమ కట్టవచ్చు. ఆ కొలత మన ఇళ్లకు సరిపోదు.

అయితే ఈ అండగా నిలవడం దగ్గరా కొడుక్కీ కూతురికీ వేర్వేరు గడువులున్నాయి. కూతురి గడువు ఎక్కడ మొదలవుతుందో మానవ శాస్త్రవేత్త లీలా దూబే చెప్పారు. దూబే భర్త, శ్యామాచరణ్ దూబే, హైదరాబాద్ పక్కన శామీర్‌పేట మీద ‘ఇండియన్ విలేజ్’ (1955) రాసిన మానవ శాస్త్రవేత్త. ఆమె సొంతంగా గోండు స్త్రీల మీద పరిశోధన చేసి, తర్వాత 1988లో, హిందూ కుటుంబం ఆడపిల్లను ఆడపిల్లగా ఎలా తయారు చేస్తుందన్న దాని మీద రాసిన వ్యాసంతో ఈ రంగాన్నే మలుపు తిప్పారు. దక్షిణాదిలో రజస్వల వేడుక ఎంత బాహాటంగా జరుగుతుందో, దాని వెనక ఎన్ని కట్టుబాట్లు దిగుతాయో ఆమె పట్టుకున్నారు.

ఆ వేడుక తెలియని తెలుగువాడు లేడు. ఫ్లెక్సీ మీద పన్నెండేళ్ల పిల్ల ఫొటో, పక్కన నాయకుల ఫొటోలు. మేనమామ తెచ్చిన పట్టుచీర, పూలజడ, కుర్చీ. నువ్వుల చిమ్మిలి, బెల్లం, ఎండుకొబ్బరి. అత్తలు, పిన్నులు వరసగా వచ్చి అక్షింతలు వేసి, బుగ్గలకు గంధం రాసి వెళ్తారు. ఆ పిల్ల చదివేది ఏడో తరగతి. ఈమధ్య అబ్బాయిలకూ పంచెకట్టు ఫంక్షన్ అని చేస్తున్నారు. అదే మండపం, అదే ఫొటోగ్రాఫర్, దాదాపు అంతే ఖర్చు. ఫంక్షన్ అయిన మర్నాడు వాడు క్రికెట్‌కు పోతాడు. ఆ పిల్ల పోదు.

ప్రభుత్వానికి తన లెక్క తనకుంది, అదీ ఒక్కటి కాదు. 1989 నుంచి పద్దెనిమిదికే ఓటు. అంతకుముందు ఇరవై ఒకటి. అమ్మాయి పెళ్లికి పద్దెనిమిది, అబ్బాయి పెళ్లికి ఇరవై ఒకటి. హేయమైన నేరం చేస్తే పదహారేళ్లవాడిని పెద్దవాడిగా విచారించవచ్చని 2015 చట్టం. మహారాష్ట్రలో విస్కీ తాగాలంటే ఇరవై ఐదు నిండాలి. చంద్రపూర్ జిల్లాలో 2015 నుంచి 2021 దాకా మద్యనిషేధమే ఉండేది కనుక ఆరేళ్ల పాటు ఈ చివరి ప్రశ్నే రాలేదు, కనీసం కాగితం మీద! అమ్మాయిల పెళ్లి వయసు కూడా ఇరవై ఒకటి చేయాలని 2021 డిసెంబరులో కేంద్రం తెచ్చిన బిల్లు, 2024లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. అది చట్టమైనా పెద్ద తేడా ఉండేది కాదు. పద్దెనిమిది అన్న గీతనే అంతమంది దాటుతున్నప్పుడు గీతను ఇంకో మూడేళ్లు ముందుకు జరిపితే దాటేవాళ్ల సంఖ్య పెరుగుతుంది, అంతే.

పథకాలు చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. తెలంగాణ కల్యాణలక్ష్మి 2014లో 51,000 రూపాయలతో మొదలై 1,00,116కు చేరింది. వధువుకు పద్దెనిమిది నిండాలన్న షరతు మంచిదే, కానీ ఆ సొమ్ము ముట్టేది పెళ్లయితేనే. ప్రభుత్వం దృష్టిలో కూడా పేదింటి పిల్ల పెద్దదయ్యేది పెళ్లి పీటల మీదే అన్నమాట. ఆంధ్రప్రదేశ్ 2022లో కల్యాణమస్తుకు వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలన్న నిబంధన పెట్టింది. అది ఒక అడుగు. మహారాష్ట్ర లేక్ లాడ్కీ పథకం, 2023 ఏప్రిల్ నుంచి పుట్టిన పేద ఆడపిల్లలకు బడి మెట్లెక్కే కొద్దీ కొంత ఇస్తూ, పద్దెనిమిది నిండాక 75,000 రూపాయలు ఇస్తామంటోంది. పెళ్లినాడు కాదు, వయసు నిండిన నాడు. చేతికి రావడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది, కానీ సొమ్ముకూ పెళ్లికీ ఉన్న ఆ ముడి విప్పడం సరైన పని.

అబ్బాయి గడువు వేరే చోట ఇరుక్కుంది. దాన్ని చూడటానికి బొగ్గు ప్రాంతం కంటే మంచి కిటికీ లేదు. ఇక్కడ ఉద్యోగం దాదాపు ఆస్తి లాంటిది. కోల్ ఇండియా పునరావాస విధానం ప్రకారం రెండెకరాల భూమి పోతే ఒక కొలువు. కార్మికుడు విధుల్లో ఉండగా పోతే ఆశ్రితుల్లో ఒకరికి కొలువు. తెలంగాణలోని సింగరేణి గనుల్లో దీన్నే వారసత్వ ఉద్యోగం అన్నారు. ఆగిపోయిన ఆ పద్ధతిని 2016లో మళ్లీ తేబోతే 2017లో హైకోర్టు కొట్టేసింది, చివరికి కారుణ్య నియామకాల రూపంలో తిరిగొచ్చింది. తండ్రి ఆరోగ్యం ‘అన్‌ఫిట్’ అని తేలితే కొడుక్కి పని. ఆ ఇళ్లలో యువకుడి భవిష్యత్తు మెడికల్ బోర్డు కాగితం మీద ఆధారపడుతుంది. తండ్రి క్షేమాన్నీ సొంత కొలువునూ ఒకే త్రాసులో తూచుకోవలసి రావడం ఎంత ఇబ్బందైన సంగతో ఆ ఇళ్లవాళ్లకే తెలుసు.

బొగ్గు కార్మికుల వేతన ఒప్పందంలో ప్రత్యక్ష ఆశ్రితులు ఎవరన్న జాబితా చదివితే మన విషయం మొత్తం అందులోనే ఉంది: భార్య లేదా భర్త, పెళ్లికాని కూతురు, కొడుకు, దత్తపుత్రుడు. కొడుక్కి పెళ్లయినా కొడుకే. కూతురు పెళ్లయిన రోజున జాబితాలోంచి జారిపోతుంది. ఈ వివక్ష చెల్లదని ఛత్తీస్‌గఢ్ హైకోర్టు 2016లో చెప్పవలసి వచ్చింది.

కొలువు ఆలస్యమైతే ఏమవుతుంది? ప్రాజెక్టు కోసం భూములిచ్చిన కుటుంబాలవాళ్లు కొందరు, మరాఠీలో ప్రకల్పగ్రస్తులంటారు, 2021 ఆగస్టులో ఉద్యోగాల కోసం ఊర్జానగర్ విద్యుత్ కేంద్రం చిమ్నీ ఎక్కారు. భూమి పోయింది ఒక తరానికి, ఎదురుచూపు మిగిలింది రెండో తరానికి. చిమ్నీ ఎక్కనివాళ్లు తెల్లవారుజామున మైదానాల్లో పరుగెత్తుతుంటారు, పోలీసు భర్తీ కోసం. పగలు అభ్యాసికలో, అంటే అద్దె కుర్చీ రీడింగ్ రూమ్‌లో, పోటీ పరీక్షల పుస్తకాలు. సాయంత్రం టపరీ. బ్రిటన్ భూగోళ శాస్త్రవేత్త క్రెయిగ్ జెఫ్రీ మీరట్‌లో ఇలాంటి కుర్రాళ్లతో తిరిగి 2010లో రాసిన పుస్తకానికి వాళ్ల మాటనే పేరుగా పెట్టారు: ‘టైంపాస్’. అది సోమరితనం కాదని, మధ్యతరగతి ఆశకూ మార్కెట్టుకూ మధ్య చిక్కుకున్న నిరీక్షణ అని ఆయన అన్నారు.

పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అని ఒక సామెత. ఇప్పుడు పిచ్చి స్థానంలో ఉద్యోగం వచ్చింది. కొలువు లేనివాడికి పిల్లనివ్వరు. పెళ్లి కానివాణ్ణి ఇంట్లో లెక్కలోకి తీసుకోరు. ముప్పై ఏళ్ల మనిషి పండగనాడు కొత్త చొక్కాకు తండ్రి వైపు చూడాలి. ఆడపిల్ల కష్టం గురించి ఎంతో కొంత రాశారు, చట్టాలు చేశారు. ఈ మగపిల్లాడి చిన్నతనం గురించి మాట్లాడటానికి మనకు మాటలే తక్కువ. నవ్వడానికి మాత్రం మీమ్‌లున్నాయి.

ఈ గడువులు ఎలా ఉన్నా, పదమూడుకూ పంతొమ్మిదికీ నడుమ, పిల్లలు పిల్లలుగా మసలేందుకు చోటు కావాలి. చంద్రపూర్‌కు ఆనుకున్న గడ్చిరోలి, దాని అవతల బస్తర్ అడవుల్లో గోండులకు గోటుల్ ఉంది. వెరియర్ ఎల్విన్ 1947లో మురియాల గోటుల్ గురించి పెద్ద గ్రంథం రాశారు. ఊళ్లో యువతీ యువకుల కోసం విడిగా ఒక ఇల్లు. పాట, ఆట, పని, బాధ్యత అన్నీ అక్కడే పెద్ద పిల్లల నుంచి చిన్న పిల్లలకు అందేవి. నాగరికులమనుకునే మనం ఆ పుస్తకంలో చదవదలచుకున్నది వేరు. ఈడొచ్చిన పిల్లలకు ఊరు ఒక చోటు కేటాయించాలన్న అసలు సంగతి మాత్రం పట్టించుకోలేదు.

క్వార్టర్ల కాలనీలో ఆ చోటు ఏది? మైదానం మగపిల్లలది. చీకటి పడ్డాక ఆడపిల్ల బయట ఉండదు. 2022 ఫిబ్రవరిలో విద్యుత్ కేంద్రం ఆవరణలో పులి దాడికి ఒక కార్మికుడు, ఆ మర్నాడే దుర్గాపూర్ ప్రాంతంలో చిరుత దాడికి పదహారేళ్ల బాలుడు బలయ్యారు. అలాంటి దాడి జరిగితే మగపిల్లల్నీ పొద్దుగూకకముందే లోపలికి పిలవక తప్పదు. అయితే మగపిల్లాడికి ఆ కట్టడి చిరుత తిరిగినన్ని రోజులే.

యంగ్ లైవ్స్ చిట్టా చెప్పే ఒక్క మాట ప్రభుత్వాలు వింటే చాలు: పదిహేనో ఏట బడిలో ఉన్న అమ్మాయికి పద్దెనిమిదిలోపు పెళ్లయ్యే అవకాశం బాగా తక్కువ. చట్టం చేయలేని పని పదో తరగతి తర్వాత ఊరికి వచ్చే బస్సు చేస్తుంది, హాస్టల్ సీటు చేస్తుంది, తలుపు గడియ పడే మరుగుదొడ్డి చేస్తుంది. అబ్బాయికి కావలసింది ఏటా జరిగే నియామక పరీక్ష. మూడేళ్లకోసారి వచ్చే నోటిఫికేషన్‌తో, అది కోర్టులో ఆగిపోవడంతో అతడి యవ్వనం కరిగిపోతోంది. కంపెనీ టౌన్‌షిప్‌లు కట్టే సంస్థలు క్వార్టర్లతో పాటు రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉండే ఒక గ్రంథాలయం, దాని ముందు నాలుగు దీపాలు, ఆడపిల్లలకూ వంతు వచ్చే ఒక ఆట స్థలం కట్టలేవా? 2,920 మెగావాట్లు పుట్టే చోట నాలుగు దీపాలకు కరెంటు లేదనడం కుదరదు.

2013లో పంతొమ్మిదేళ్లకే తల్లులై, సర్వేవాళ్లకు చంకన బిడ్డతో తలుపు తీసిన ఆ అమ్మాయిలకు ఇప్పుడు ముప్పై దాటింది. ఆ చంకలోని పిల్లలు ఏడో తరగతికి అటూఇటూ ఉంటారు. వాళ్లలో ఆడపిల్లలున్న ఇళ్ల ముందు ఫంక్షన్ షామియానాలు వేసే వేళయింది.